చిన్నగది కింది నీరు

సుయ్… సుయ్… సుయ్…

ముందు ఆ చప్పుడే వచ్చింది. గదీ, గోడలూ, కిటికీలోంచి నేల మీద పడిన ఎండా ఆ తర్వాత వచ్చాయి. ఆమె కొత్త టైల్స్ మీద మోకాళ్ళూని, కళ్ళు మూసుకుని, ఇనుపకడ్డీ మొండికొనను నేలకు ఆనించి, రెండో కొనకున్న చెక్కబిళ్ళను చెవికి నొక్కిపట్టి వింటోంది. చప్పుడు దూరంగా లేదు. పక్కనే ఉంది, కిందనే ఉంది. ఎవరో చీకట్లో మెత్తని గుడ్డతో రాతిని తుడుస్తున్నట్టు, ఆగి మళ్ళీ తుడుస్తున్నట్టు ఉంది.

ఊపిరి బిగబట్టింది. చప్పుడు పోలేదు. కడ్డీని జానెడు పక్కకు జరిపింది. అయినా పోలేదు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు. అతని భుజం మీదుగా అతని అక్క తొంగి చూస్తోంది.

"ఇల్లు చూడమని తీసుకొస్తే ఇల్లు వింటోందేమిట్రా నీ పెళ్ళాం," అంది వదిన.

"తన పనే అది కదక్కా."

"పని రేపు ఆఫీసులో చేసుకోమను, ఇవాళ గోడలు చూడమను. అమ్మాయ్, ఇదీ పిల్లగది. చిన్నదే కానీ తూర్పు కిటికీ. మా బుజ్జిగాడికి ఇలాంటి గది ఒకటుంటే వాడు నా నెత్తినెక్కేవాడు కాదు, గోడెక్కేవాడు."

ఆమె లేచి మోకాళ్ళకంటిన దుమ్ము దులుపుకుంది.

"నేల కింద నీళ్ళు పోతున్నాయి," అంది.

వదిన ముఖం వాడిపోయింది. భర్త ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ మాట అన్నప్పుడు తన గొంతులో పలికింది విచారం కాదని ఆమెకు తెలుసు. ఆ సంగతి తన ఒక్కతెకే తెలుసుననుకుంది.

నీటి సరఫరా ఆఫీసులో ఆమె ఉద్యోగం వినడం. పట్టణం కింద పైపులు పరుచుకుని ఉంటాయి. ఎక్కడో ఒకచోట చిల్లు పడుతుంది, నీరు మట్టిలోకి జారిపోతుంది, పైన రోడ్డు మాత్రం ఏమీ ఎరగనట్టు పొడిగా ఉంటుంది. కుళాయిలు నిద్రలేవకముందు, బండ్లు కదలకముందు, ఆమె వీధి వెంట నడుస్తూ వాల్వు దగ్గర ఆగి, కడ్డీ ఆనించి, చెవి ఒగ్గుతుంది. అప్పుడు వీధి మాట్లాడుతుంది. బేకరీ కింద నీరు ఒకలా నడుస్తుంది, బడి కింద ఇంకోలా నడుస్తుంది, ఆసుపత్రి కింద ఒక్క క్షణమైనా ఆగదు. ఇన్ని వేల మంది పడుకున్న ఊరి కింద ఇంత పెద్ద నడక సాగుతోందే, ఎవరికీ తెలియకుండా సాగుతోందే అని ఆమె మొదటి రోజు వాల్వు పక్కన కూలబడిపోయింది. ఆ ఆశ్చర్యం నేటికీ తీరలేదు. ఆ ఆశ్చర్యం కోసమే ఆమె చీకటుండగా లేస్తుంది.

ఈ పని నేర్పిన ఆయన్ని ఆఫీసులో అందరూ పెద్దచెవి అంటారు. ఆయన చెవులు నిజంగానే పెద్దవి. ఆమె చెవులు మామూలువే, కానీ ఆయన వెంట తిరిగింది కనుక చిన్నచెవి అయింది. ఆయన్ని ఆమె బాబాయ్ అని పిలుస్తుంది.

పెద్దచెవి చెప్పిన మొదటి పాఠం చాలా చిన్నది. చెక్కబిళ్ళ చెవికి పెట్టగానే వినబడేది నీరు కాదు, మనమే. మన ఊపిరి, మన గుటక, మన గుండె. వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి పక్కన పెట్టాలి. నీ చప్పుడు నువ్వు తీసేస్తే మిగిలేదే నీరు. ఆమెకది చేతకావడానికి చాలాకాలం పట్టింది. చేతనయ్యాక మాత్రం ఆమె వినికిడి ఎన్నడూ గురి తప్పలేదు.

వాళ్ళిద్దరికీ ఇంకో అలవాటుంది. ప్రతి లీకుకూ పేరు పెడతారు. గురకమ్మ, అలిగిన అల్లుడు, సణుగుడు తాత, ఇలా. వింటున్నప్పుడే పేరు మనసులోకి వచ్చేస్తుంది. కానీ తవ్వి దొరకబుచ్చుకునేదాకా దాన్ని పైకి అనకూడదు. అంటే దొరకదని పెద్దచెవి నమ్మకం. దొరికాక అనకపోతే పని పూర్తయినట్టు కాదు. పేరు పైకి అన్నవాళ్ళదే ఇక దాని పూచీ. ఎండయినా వానయినా చివరిదాకా దగ్గరుండాలి, మధ్యలో వదిలి పోవడానికి వీల్లేదు.

చిన్నగదిలో ఆ చప్పుడు వింటున్నప్పుడు కూడా ఆమెకొక పేరు తోచింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని పేరు. దాన్ని నాలుక కింద దాచుకుంది.

ఆమె కడుపుతో ఉంది. ఆ మాటను తనలో తాను కూడా ఇంకా పూర్తిగా అనుకోలేదు. డాక్టరు ఆమె ముఖం చూసి, కాస్త గొంతు తగ్గించి, "ఆలోచించుకోవడానికి వ్యవధి ఉందమ్మా," అంది. భర్తకు చెబితే అతను చాలాసేపు ఆమె చేతిని పట్టుకుని కూర్చుని "నీ ఇష్టం" అన్నాడు. నిజంగానే అన్నాడు. కానీ అతనికి కళ్ళద్దాల దుకాణం. వెలుగుతో బతికే మనిషి. మరునాటి నుంచి ఇంటికొస్తూ దారిలో కనబడిన ప్రతి పసిపిల్లనూ చూస్తున్నాడు. చూశానని చెప్పడు. చూసిన వెలుగు మాత్రం అతని ముఖం మీదే ఉండిపోతుంది.

ఆ తర్వాత వదిన తన కాలనీలోనే ఉన్న ఈ ఇంటి కబురు తెచ్చింది. ఊరి అంచున కొత్త కాలనీ, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ అదే గేటు, అదే గడ్డి. ఇల్లూ బిడ్డా వేరువేరు సంగతులని ఎవరైనా చెప్పినా ఆమె నమ్మేది కాదు. ఒకే మూటలో కట్టి గుమ్మంలో పెట్టినట్టనిపించింది. వదిన ఉండే వీధిలో ఆడవాళ్ళకు పేర్లు లేవు. బుజ్జిగాడి వాళ్ళమ్మ, కవలపిల్లల వాళ్ళమ్మ, మూలింటి పాప వాళ్ళమ్మ. వదిన ఒకప్పుడు ఈత పోటీల్లో గెలిచిన మనిషి. ఆ వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. వదినను ఈత మానమని అన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు. అదే ఆమెకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం.

పైగా ఇక్కడి పైపులు ప్లాస్టిక్‌వి. ఇనుము పాడుతుంది, ప్లాస్టిక్ చప్పుడును మింగేస్తుంది. కాలనీలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆమెకు రెండు చెవుల్లోనూ దూది కుక్కినట్టుండేది. అలాంటి చోట, అదీ పిల్లగది అని వదిన పేరుపెట్టిన ఆ గదిలోనే, నేల మాట్లాడింది. నేల కింద లీకున్న ఇల్లు ఎవరూ కొనరు. ఇల్లు వద్దనుకుంటే మూటలోని రెండో వస్తువు గురించి కూడా ఇంకాస్త నింపాదిగా ఆలోచించవచ్చు. ఆమె మనసు ఆ మాట పైకి అనలేదు కానీ దాని చుట్టూనే తిరిగింది.

ఇల్లు కట్టినవాళ్ళు తవ్వి చూసుకోమన్నారు. మీటరింకా బిగించలేదు కాబట్టి దాన్ని చూసి తేల్చే దారి లేదు. వినాలి, తవ్వాలి, అంతే.

ఆదివారం పొద్దున్నే వాళ్ళ మేస్త్రి వచ్చాడు. తను అతికించిన నేలను తనే పగలగొట్టాల్సి వచ్చినందుకు మూతి ముడుచుకుని ఉన్నాడు.

"నేను వేసిన నేల కింద చీమక్కూడా కాలు తడవదు మేడమ్," అన్నాడు.

ఆమె రమ్మన్నదని పెద్దచెవి కూడా వచ్చాడు. బూట్లు విప్పి, చిన్నగదిలో బోర్లా పడుకున్నంత పని చేసి, కడ్డీకి చెవి ఆనించాడు. అందరూ మాట్లాడటం మానేశారు. వదిన చేతిలోని తాళాల గుత్తిని కూడా పిడికిట్లో మూసేసింది.

"నాకేం వినబడటంలేదమ్మాయ్," అన్నాడు చివరికి.

"నాకు వినబడుతోంది బాబాయ్. నీళ్ళే. ఆగి ఆగి వస్తోంది."

"ఆగి ఆగి వచ్చేది లీకెందుకవుతుంది? లీకు దమ్ము తీసుకోదు కదా."

"దగ్గర్లో ఎక్కడో పంపుండొచ్చు. అది తోసినప్పుడల్లా లేచి పడుతోందేమో."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడేం కనబడిందో గాని ఇంకేమీ అడగలేదు.

"నా చెవులకు వయసొచ్చింది. నీ చెవులు నమ్ముతాను. ఇక కానియ్ మేస్త్రీ, మొదలెట్టు."

టైల్ పగిలింది. దాని కింద సిమెంటు, దాని కింద కంకర, దాని కింద ఇసుక, ఆ కింద మట్టి. గునపం దిగిన కొద్దీ చెమ్మ కనబడాలి. మట్టి రంగు మారాలి, ముద్దకట్టాలి, వాసన రావాలి. మేస్త్రి అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి కిటికీ వెలుగులో వేళ్ళ సందుల్లోంచి జారవిడిచాడు. జల్లించిన పిండిలా రాలి, గాలికి ఎగిరి, వదిన చీర మీద వాలింది.

"తమ్ముడూ, మనం ఇల్లు కొంటున్నామా, నుయ్యి కొంటున్నామా?" అంది వదిన దులుపుకుంటూ. "నుయ్యి అయినా ఫరవాలేదురా, అందులోనూ నీళ్ళు లేవు."

భర్త నవ్వలేదు. ఆమె వైపే చూస్తున్నాడు.

ఆమె గోతిలోకి దిగింది. మోకాళ్ళ లోతు. కడ్డీని ఎండిన మట్టి మీద ఆనించి చెవి పెట్టింది. సుయ్… సుయ్… మునుపటికన్నా గట్టిగా, మునుపటికన్నా దగ్గరగా, దాపరికమేమీ లేనట్టుగా వచ్చింది.

"ఇక్కడే ఉంది," అంది. తన గొంతు తనకే వింతగా వినబడింది. "ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు."

మేస్త్రి పొడి మట్టిని చూశాడు, ఆమెను చూశాడు, పెద్దచెవిని చూశాడు.

పెద్దచెవి గోతి అంచున గొంతుకూర్చున్నాడు. "కడ్డీ పైకెత్తమ్మాయ్."

"బాబాయ్…"

"ఎత్తు. గాలిలో పట్టుకో. మట్టికి గానీ గోడకు గానీ తగలనీకు. ఇప్పుడు విను."

ఆమె ఎత్తింది. కడ్డీ కొన గాలిలో నిలిచింది.

సుయ్… సుయ్… సుయ్…

"ఉందా?"

"ఉంది."

"నేలకు తగలని కడ్డీలోకి నేల చప్పుడెలా వస్తుంది తల్లీ?"

ఆయన మరీ మెల్లగా, వాల్వు పక్కన నిలబడి నేర్పిన రోజుల గొంతుతో అడిగాడు. "మొదటి పాఠమేమిటి?"

"నా చప్పుడు నేను తీసెయ్యాలి. తీసేశాను బాబాయ్. ఊపిరి తీశాను. గుటక తీశాను. గుండె తీశాను."

"నీకు పరిచయమున్నవన్నీ తీశావు. కొత్తగా వచ్చినదాన్ని ఎలా తీస్తావు? దాని మొహం నువ్వెప్పుడూ చూడలేదు కదా."

చెవి గోక్కుని, గొంతు ఇంకాస్త తగ్గించాడు. "మా పెద్దది కడుపులో ఉన్నప్పుడు మీ పిన్ని, చెవిలో జలపాతం దూకుతోందని ఒకటే గోల. అప్పటికే నేను ఆఫీసులో పేరుమోసిన చెవిని. ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగించాను. వంటింటి పైపు మార్చేశాను. పక్కింటివాళ్ళతో పోట్లాడాను కూడా. చివరికి డాక్టరమ్మ నవ్వింది. ఒంట్లో రక్తం పెరుగుతుందట. ఇద్దరికి సరిపోవాలి కదా మరి. ఆ పారుదల చెవి పక్కనుంచే పోతుందట. కొందరికి వినబడుతుంది. ఊళ్ళో రొదలో తెలియదు. ఇలాంటి నిశ్శబ్దంలో తెలుస్తుంది."

వదిన నోరు తెరిచింది. కడుపు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు గోతిలోని పొడి మట్టి వైపు చూస్తున్నాడు. వదిన నాలుక చివర ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో అందరికీ తెలుసు. కానీ ఆమె నోరు మూసుకుని, మేస్త్రి భుజం తట్టింది.

"పద మేస్త్రీ, మా ఇంట్లో టీ పెడతాను. ఈ గొయ్యి ఎక్కడికీ పోదులే."

గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది. "నాకు ఎడమ చెవిలో వచ్చేది. కొలను అడుగున మునిగి కళ్ళు తెరిచినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చనుకుంటారని."

పెద్దచెవి బూట్లు తొడుక్కున్నాడు. వెళుతూ వెళుతూ, "దొరికినట్టా దొరకనట్టా అన్నది నువ్వే తేల్చుకో. పేరంటూ ఉంటే అది నీ దగ్గరే ఉంటుంది. నన్నడగకు," అన్నాడు.

గది ఖాళీ అయింది. ఆమె గోతి అంచున, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుంది. కడ్డీ ఒళ్ళో ఉంది. ఇప్పుడు కడ్డీ అక్కర్లేదు. తెలిశాక ఊరికే వినబడుతోంది.

ముందు కోపం వచ్చింది. నన్నడగలేదు అనుకుంది. ఎవరూ అర్జీ పెట్టలేదు, ఎవరూ సంతకం చెయ్యలేదు, ఒక్క వీధీ తవ్వలేదు. నేనింకా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే లోపల సరఫరా మొదలైపోయింది.

ఆ కోపం పూర్తిగా లేవకముందే దాని కిందినుంచి ఇంకొకటి లేచింది. ఇన్నేళ్ళుగా ఆమె ఊరి కింది నడకను విని కూలబడిన మనిషి. బడి కింద, బేకరీ కింద, ఆసుపత్రి కింద చెవి ఆనించి, ఎవరి కోసం ఈ నీరింత జాగ్రత్తగా పోతోందని ఆశ్చర్యపోయిన మనిషి. ఆ వీధులన్నీ కలిపినా ఇంత సన్నని దారులుండవు, ఇంత ఓపికైన పంపుండదు. ఆమె పడుకున్నా పోతోంది, భయపడుతున్నా పోతోంది, వద్దేమో అనుకుంటున్న ఆ తలలోంచే, ఆ చెవి పక్కనుంచే, తడబడకుండా పోతోంది. ఇంకా ముఖం లేనిదాని కోసం. చిటికెనవేలంత కూడా లేనిదాని కోసం.

చిన్నప్పుడు ఒకసారి ఎండిన ఏటి ఇసుకలో తను గొయ్యి తీసిన సంగతి గుర్తొచ్చింది. ఊరికే, ఆటకు. పైనంతా కాలిపోతున్న ఇసుక. మోచేతిలోతు పోయేసరికి వేళ్ళకు చల్లగా తగిలింది. చేతులు వెనక్కి తీసుకుని చూస్తుండగా, ఎవరూ పొయ్యకుండా, ఎక్కడినుంచీ పారకుండా, గుంత అడుగున నీరు కూడుకుంది. తేటగా, ఆకాశాన్ని పట్టుకుని నిలిచింది. దాహమేస్తున్నా ఆమె తాగలేదు. చూస్తూ ఉండిపోయింది. మొన్న ఈ గదిలో నాలుక కింద దాచుకున్న పేరు అక్కడినుంచి వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

భయం పోలేదు. అది కూర్చున్న చోటే కూర్చుని ఉంది. దాని పక్కన దానికన్నా పెద్దదొకటి వచ్చి నిలబడింది, అంతే.

భర్త వచ్చి గోతికి అవతలి అంచున కూర్చున్నాడు.

"లీకుండాలని కోరుకున్నాను," అందామె.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నీళ్ళు పోతున్నాయని చెప్పినప్పుడు నీ మొహం వెలిగింది. నేను కళ్ళద్దాలమ్ముకునేవాణ్ణి. ఆ మాత్రం కనబడకపోతే దుకాణం మూసుకోవాలి."

"మరి తవ్వనిచ్చావెందుకు?"

"ఉందేమో అనుకున్నాను. నీ చెవి ఎప్పుడూ తప్పు చెప్పలేదు కదా."

"ఇప్పుడూ చెప్పలేదు," అంది మెల్లగా.

ఆమె గుప్పెడు పొడి మట్టి తీసి గోతిలోకి జారవిడిచింది.

"ఇల్లు మంచిదే. నేల కింద చుక్క కూడా లేదు, అది నా మాటగా చెప్పొచ్చు. కానీ నేనిక్కడ ఉండలేను. ఇక్కడ వీధి మాట్లాడదు."

"మనమిప్పుడుండేది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు."

"తెలుసు."

"రేపెప్పుడైనా తొట్టె…" అని ఆగిపోయాడు, ఆ మాట తొందరపడి అనేశానేమోనన్నట్టు.

"నేను పని మానను."

"మానమని ఎవరన్నారు?"

"ఎవరూ అనరు. ఎవరూ అనకుండానే అయిపోతుంది. మీ అక్కను ఈత మానమని ఎవరన్నారు?"

అతను తూర్పు కిటికీ వైపు చూశాడు, ఇష్టపడి ఎంచుకున్న వస్తువును దుకాణంలో తిరిగి ఇచ్చేసేవాడిలా. ఆ వెలుగు అతనికెంత ఇష్టమో ఆమెకు తెలుసు. నచ్చజెప్పబోలేదు.

"నువ్వు తెల్లారకముందే వెళ్ళిపోతావు," అన్నాడు చివరికి. "నా దుకాణం పదింటికి. అంటే పొద్దుటి ఏడుపులన్నీ నావేనన్నమాట."

"వీధికంతా వినబడేలా ఏడిస్తే నాకూ వినబడుతుందిలే."

అతను నవ్వాడు. ఆమె చెక్కబిళ్ళను కొంగుతో తుడిచి, గోతి మీదుగా అతనికి అందించింది. మొండికొనను తన చెవి కింద, మెడ మెత్తగా ఉన్నచోట ఆనించుకుంది. ఇనుము చల్లగా తగిలింది.

"ఏమీ లేదే," అన్నాడు.

"ఉంటుంది. ముందు నీ చప్పుడు నువ్వు తియ్యి. అది నీ ఊపిరి, పక్కన పెట్టు. అది నీ గుండె, దాన్నీ పెట్టు. కంగారుపడకు."

వెలుగుతో బతికే మనిషి కళ్ళు మూసుకున్నాడు. అతని నుదుటి మీది గీతలు ఒక్కొక్కటే విడిపోవడం ఆమె చూసింది. పెదవులు కాస్త తెరుచుకున్నాయి. ఊరి వీధిలో వాల్వు పక్కన తొలిరోజు కూలబడిన మనిషి ముఖం బయటినుంచి ఎలా ఉంటుందో ఆమెకిప్పుడు తెలిసింది.

"నీళ్ళు," అన్నాడు. చాలాసేపటికి, "ఎన్ని నీళ్ళు," అన్నాడు.

గోతి అడుగున మట్టి పొడిగానే ఉంది. అయినా దొరికింది. దొరికాక పేరు పైకి అనకపోతే పని పూర్తయినట్టు కాదు. అన్నాక ఇక వదిలి పోవడానికి వీల్లేదు. ఆ రెండూ ఎరిగి, మెడ మీద చల్లని ఇనుము కదలకుండా పట్టుకుని, ఆమె నాలుక కింది మాటను పైకి తీసింది.

"చెలమ," అంది.